ఇంట్లో డేకేర్ నడిపేవాళ్ళు సెలవు పెట్టాలంటే పేరెంట్స్‌కి ఎన్నాళ్ళ ముందు చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లోనే అయిదుగురు పిల్లల్ని చూసుకుంటున్నారు, మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది, ఇన్నాళ్ళలో ఒక్క వారం కూడా సెలవు పెట్టలేదు, ఇప్పుడు పది రోజులు వెళ్దామనుకుంటున్నారు, దానికింకా అయిదు వారాలుంది, పేరెంట్స్‌కి రెండు వారాల ముందు చెప్తే చాలా, ముందే చెప్పేస్తే వాళ్ళు వేరేచోటు వెతుక్కుని పిల్లల్ని మాన్పించేస్తారేమో అని భయంగా ఉంది అన్నారు. నేను పద్దెనిమిదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నానండి, సెలవుల విషయంలో దెబ్బలు తిని నేర్చుకున్నదాన్ని, అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నా.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. రెండు వారాలు అస్సలు చాలదు. వారం, పది రోజుల సెలవుకి రెండు నెలల ముందు చెప్పాలి, మూడు నెలలైతే ఇంకా నయం. ఒక్కరోజు సెలవైతే నెల ముందు. రెండు వారాలు దాటే పెద్ద సెలవైతే నాలుగు నెలలు. అన్నిటికన్నా మంచి పద్ధతి ఏడాది మొదట్లోనే ఆ ఏడాది సెలవుల లిస్టు మొత్తం చేతికిచ్చెయ్యడం. చాలామంది అగ్రిమెంట్లో 30 రోజులు అని రాసుకుంటారు, నేనూ మొదట్లో అదే రాసుకున్నా, కాగితం మీద బానే కనిపిస్తుంది కూడా, కానీ ఆ 30 రోజుల్లో పేరెంట్స్ ఏమేం చేసుకోవాలో ఒకసారి వరసగా లెక్కపెట్టి చూడండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఎవరు ఎన్ని రోజులు లీవ్ పెట్టాలో తేల్చుకోవాలి, దానికే ఒక శని ఆదివారాలు అయిపోతాయి. ఆఫీసులో అప్లై చేస్తే అప్పటికే ఆ వారం వేరే ఎవరో లీవ్ తీసుకుని ఉంటారు, మేనేజర్ కుదరదంటాడు. అప్పుడు బ్యాకప్ కోసం వెతకడం మొదలుపెడతారు. నలుగురికి ఫోన్ చేస్తే ముగ్గురి దగ్గర ఖాళీ ఉండదు. ఉన్న ఒక్కచోటికీ వెళ్ళి చూసుకోవాలి, పిల్లని రెండు మూడుసార్లు తీసుకెళ్ళి కాసేపు కూర్చోబెట్టి అలవాటు చెయ్యాలి. ఇదంతా అయ్యేసరికి నెల కాస్తా అయిపోతుంది, ఇందులో ఏ ఒక్కటి బెడిసికొట్టినా మళ్ళీ మొదటికి రావడానికి టైం ఉండదు.

నాకిది తెలిసొచ్చింది మూడో ఏడాదిలో. అప్పుడు నేను సరిగ్గా మీరనుకుంటున్నట్టే రెండు వారాల ముందు చెప్పా. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి వచ్చినట్టు గుమ్మంలోనే ఒక చీటీ ఇచ్చా. అందులో ఒకావిడ హాస్పిటల్లో నర్సు. చెప్పుల స్టాండ్ దగ్గర కింద కూర్చుని బాబుకి ఒక కాలికి బూటు తొడిగింది, రెండో బూటు చేతిలో ఉండగానే చీటీ చదివి అలాగే ఉండిపోయింది. కాసేపటికి మెల్లగా "అక్కా, వచ్చే నెల రోస్టర్ నిన్ననే వేసేశారు" అంది. కోప్పడలేదు, నన్ను ఒక్క మాట అనలేదు, వేళ్ళు మడుస్తూ సోమవారం ఎవరు, మంగళవారం ఎవరు అని లెక్కపెట్టుకుంటూ ఉంది, గురువారం దగ్గర వేలు ఆగిపోయింది, బాబేమో రెండో కాలు చాపుకుని ఎదురుచూస్తున్నాడు. నేను తిరిగొచ్చాక తెలిసింది ఆవిడ ఏం చేసిందో. వేరే నర్సులతో మార్చుకుని ఆ వారమంతా నైట్ డ్యూటీలు చేసింది, పొద్దున ఇంటికొచ్చి పగలంతా బాబుని చూసుకుంది, బాబు పడుకున్న ఆ గంటన్నరే ఆవిడ నిద్ర. నేను హాయిగా తిరిగొచ్చాను, ఆవిడ కళ్ళు ఎర్రగా వాచిపోయి గుమ్మంలో నిలబడి "బాగా జరిగిందా అక్కా ట్రిప్పు" అని అడిగింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను రెండు నెలల కన్నా తక్కువ నోటీస్‌తో సెలవు పెట్టింది లేదు, ఒంట్లో బాలేక మూసినవి తప్ప.

అప్పటినుంచి నేను లెక్క ఎలా వేస్తానంటే, నా దగ్గరున్న ఇళ్ళలో ఎవరికి ఏర్పాటు చేసుకోడానికి అందరికన్నా ఎక్కువ టైం పడుతుందో చూస్తా, వాళ్ళకి సరిపోయేదే అందరికీ నోటీస్. ఇంట్లోంచి లాప్‌టాప్‌లో పని చేసుకునే వాళ్ళకి వారం చాలొచ్చు, ఒకరు కాకపోతే ఒకరు సర్దుకుంటారు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి రోస్టర్ నెల ముందే పడిపోతుంది, కొన్నిచోట్ల ఆరు వారాల ముందే. టీచర్లకి టర్మ్ మధ్యలో లీవ్ దొరకడం చాలా కష్టం. ఒంటరిగా పిల్లని పెంచుకునే అమ్మకో నాన్నకో అయితే సగం సగం పంచుకోడానికి ఇంకో మనిషే లేరు, ఉన్న లీవులన్నీ పాపకి జ్వరాలొచ్చినప్పుడే అయిపోతాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి మొదటి కొన్ని నెలలు లీవే ఉండకపోవచ్చు. మీ అయిదుగురిలో ఇలాంటివాళ్ళు ఎవరున్నారో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, తెలియకపోతే అడిగి తెలుసుకోండి, ఇది తెలియకుండా ఎన్ని రోజుల నోటీస్ అని అగ్రిమెంట్లో అంకె వెయ్యడం గుడ్డి లెక్కే.

ఇక ముందే చెప్తే మాన్పించేస్తారన్న భయం. ఇది నాకూ ఉండేది, అందుకే మీ మీద నాకు కోపం రావట్లేదు. కానీ ఇన్నేళ్ళలో ముందుగా చెప్పానని మానేసినవాళ్ళు నా దగ్గర ఒక్కరూ లేరు, ఆలస్యంగా చెప్పానని మానేసిన ఇళ్ళు రెండున్నాయి, ఆ రెండూ నా మొదటి మూడేళ్ళలోవే. పిల్ల మీ ఒళ్ళో నిద్రపోవడం అలవాటయ్యాక, మీ ఇంట్లో తన చాప ఎక్కడుంటుందో తనకి తెలిశాక, పది రోజుల సెలవు కోసం ఆ తల్లి ఆ పిల్లని ఇంకోచోట కొత్తగా మొదలుపెట్టించదండి. ఆవిడకి భయం వేసేది మీరు మళ్ళీ ఎప్పుడు ఇలా చెప్తారో అన్న అనుమానం మొదలైనప్పుడు. ఆ అనుమానం మొదలైతే పైకేమీ అనకుండానే వేరేచోట పేరు రాయించేసి వస్తారు.

చెప్పడం ఎలాగో కూడా రాస్తా, ఎందుకంటే చాలామంది ముందుగానే చెప్తారు కానీ చెప్పినట్టు ఎవరికీ తెలియదు. ఒక ఏడాది నేను సెలవుల లిస్టు జనవరిలోనే ఇచ్చేశా, చాలా గొప్ప పని చేశాననుకున్నా, మళ్ళీ ఒక్క మాట గుర్తు చెయ్యలేదు. ఆగస్టులో మొదటి సోమవారం నేను రైల్లో ఉన్నా, పొద్దున ఏడున్నరకి ఫోన్. ఒక పాప వాళ్ళ నాన్న, మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు, బెల్ కొట్టి కొట్టి ఫోన్ చేశాడు, "ఆంటీ తలుపు తియ్యలేదు" అని వెనకాల పాప అంటుండడం నాకు వినిపిస్తోంది. ఆయనకి తొమ్మిదింటికి మీటింగ్. నేను లిస్టిచ్చిన మాట నిజమే, కానీ జనవరిలో ఇచ్చిన కాగితం ఆగస్టు దాకా మనిషి బుర్రలో ఎలా ఉంటుంది చెప్పండి. అప్పటినుంచి ప్రతి సెలవుకీ నాలుగుసార్లు చెప్తా: ఏడాది లిస్టులో ఒకసారి, రెండు నెలల ముందు ఒకసారి, నెల ముందు ఒకసారి, ఆఖరి వారం సోమవారం ఒకసారి. రెండు నెలల ముందుది మాత్రం మనిషికి మనిషి ఎదురుగా నోటితో చెప్తా, ఆ సాయంత్రమే రాతలో కూడా పంపిస్తా. గ్రూపులో పెట్టి వదిలేస్తే దాని మీద నలభై ఫోటోలు, పుట్టినరోజు విషెస్ వచ్చి పడి ఎక్కడికో పోతుంది, అందుకే ఒక్కొక్కరికి విడిగా పంపి "చూశాం" అని జవాబు వచ్చేదాకా వదలను. డైపర్ బ్యాగులో చీటీ పెట్టడం మాత్రం వద్దు. నేను పెట్టిన చీటీ ఒకటి నెల తర్వాత తడి తువ్వాలు కింద ముద్దయిపోయి నాకే దొరికింది.

రాసేటప్పుడు "10 నుంచి 20 వరకు సెలవు" అని రాయకండి. 20న ఉంటారా ఉండరా అని సగం మందికి అనుమానమొస్తుంది, మిగతా సగం మందికి అనుమానం రాదు, అదింకా ప్రమాదం, ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకుంటారు. వారం పేరుతో సహా మూడు ముక్కలు రాయండి: మీ పాపని నేను చూసుకునే ఆఖరి రోజు ఫలానా శుక్రవారం, డేకేర్ మూసి ఉండే పనిదినాలు మొత్తం ఇన్ని, మళ్ళీ తలుపు తీసేది ఫలానా సోమవారం పొద్దున ఇన్నింటికి. ఫీజు సంగతి కూడా అదే మెసేజ్‌లో ఉండాలి, ఆ వారానికి ఫీజు తీసుకుంటున్నారా, సగమా, అసలు లేదా. డబ్బు మాట తర్వాత చెప్తాలే అని దాటేస్తే, సెలవు అయిపోయి తిరిగొచ్చిన మొదటి రోజే గొడవతో మొదలవుతుంది.

ఫీజు గురించి నా అభిప్రాయం అడిగితే, సెలవు రోజులకి ఫీజు తీసుకోవడం తప్పు కాదు, కానీ అది అగ్రిమెంట్లో ముందే రాసి ఉండాలి, పిల్లని చేర్చుకునే రోజే నోటితో కూడా చెప్పి ఉండాలి. అగ్రిమెంట్లో లేకుండా మధ్యలో హఠాత్తుగా పెయిడ్ సెలవు అంటే మాత్రం నేను ఒప్పుకోను, వచ్చే అగ్రిమెంట్ దాకా ఆగాలి. ఇంకోటి, ఫీజు తీసుకునే సెలవైతే నోటీస్ ఇంకా ఎక్కువ ఇవ్వాలి, ఎందుకంటే ఆ వారం వాళ్ళు మీకూ కట్టాలి, బ్యాకప్‌కీ కట్టాలి, రెండు ఫీజులు ఒకే నెలలో మీద పడతాయి, దానికి డబ్బు పక్కన పెట్టుకోడానికి కనీసం రెండు మూడు జీతాలు రావాలి కదా. నేను మొదట్లో ఏడాదికి రెండు వారాలూ ఫీజు లేకుండానే తీసుకున్నా, తర్వాత ఒక వారం ఫీజుతో, ఒక వారం లేకుండా, ఇప్పుడు రెండూ ఫీజుతోనే, ప్రతిసారీ కొత్తగా చేరేవాళ్ళ నుంచే మార్చుకుంటూ వచ్చా, పాతవాళ్ళకి మార్చలేదు.

సెలవు అడగడానికే మీరు ఇంత మొహమాటపడుతున్నారు కాబట్టి ఒక మాట. ఏడాదిన్నర సెలవు లేకుండా రోజుకి పది గంటలు చిన్నపిల్లలతో ఉన్నారు, వారానికి యాభై గంటలు, మధ్యలో టీ తాగడానికి కూడా ఇంకో మనిషికి అప్పజెప్పే వీల్లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లోనే 132వ నంబరు ఒప్పందంలో ఉద్యోగం చేసేవాళ్ళకి ఏడాదికి కనీసం మూడు పని వారాల జీతంతో కూడిన సెలవు ఉండాలని రాసింది, ముక్కలుగా తీసుకున్నా అందులో ఒక ముక్క మామూలుగా రెండు వారాలు ఏకబిగిన ఉండాలని కూడా అందులో ఉంది. అది ఉద్యోగులకి, మనకి యజమాని లేడు, మనకి ఆ సెలవు ఎవరూ ఇవ్వరు, మనమే రాసుకోవాలి. కానీ మనిషి ఒళ్ళు ఎవరిదైనా ఒకటే. అలసిపోయిన మనిషి చేతిలో ఎనిమిది నెలల పాపని పెట్టడం ఏ తల్లికీ ఇష్టం ఉండదు, మీరు సెలవు తీసుకోవడం వాళ్ళ పిల్లల కోసం కూడా. కాబట్టి క్షమించమన్నట్టు నసుగుతూ చెప్పకండి, "ఈ తేదీల్లో డేకేర్ ఉండదు, మీకు ఏర్పాటుకి ఇంత టైం ఉంది, నా వల్ల అయ్యే సాయం చేస్తా" అని మామూలుగా చెప్పండి. తేదీలు అందరినీ అడిగి పెట్టుకోవడం కూడా వద్దు. నేనొకసారి అడిగి చూశా, అయిదుగురు అయిదు వారాలు చెప్పారు, ఎవరి మాట విన్నా మిగతా నలుగురికీ నొప్పి. అడగకుండా మీ అంతట మీరే కాస్త చూసుకుని పెట్టుకోండి, స్కూల్ సెలవుల్లో పెద్ద పిల్లలు ఇంట్లో ఉంటారు కాబట్టి చాలా ఇళ్ళలో ఎలాగూ ఎవరో ఒకరు లీవ్‌లో ఉంటారు, ఆ వారాలైతే అందరికీ తేలిక.

బ్యాకప్ వెతుక్కోవడం పేరెంట్స్ బాధ్యతే, అది అగ్రిమెంట్లో స్పష్టంగా ఉండాలి, కానీ మీకు తెలిసిన ఒకరిద్దరు డేకేర్ వాళ్ళ పేర్లు ఇవ్వగలిగితే సగం భారం దిగుతుంది. నేను దగ్గర్లో ఇంట్లోనే నడిపే ఇంకొకావిడతో మాట్లాడుకున్నా, ఇద్దరం ఒకే వారం సెలవు పెట్టం, ఆవిడ దగ్గర ఖాళీ ఉంటే మా పిల్లలు ఒకరిద్దరు అటు వెళ్తారు, ఆవిడ సెలవప్పుడు ఇటు వస్తారు. నా దగ్గర పిల్లల సంఖ్యకి పరిమితి ఉంది, ఆవిడకీ ఉంది, కాబట్టి అందరికీ చోటు దొరకదు, ముందు అడిగినవాళ్ళకే, దీనికి కూడా నోటీస్ ముందే వెళ్ళాలి. మీ ఊరెళ్ళే పది రోజులూ మీ చెల్లెల్నో, మరదల్నో కూర్చోబెట్టి నడిపించేద్దాం అని మాత్రం అనుకోవద్దు. లైసెన్స్ ఉంటే మీ బదులు కూర్చునే మనిషికి కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ లాంటి రూల్స్ ఉండొచ్చు, లైసెన్స్ అక్కర్లేని చోటైనా సరే, ఆ తల్లి నమ్మి పిల్లని ఇచ్చింది మీ చేతికి, మీ ఇంటి గోడలకి కాదు.

చంటిపిల్లల విషయంలో ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎనిమిది నెలలప్పటినుంచి పిల్లలు కొత్త మొహం చూస్తే బెదరడం, తెలిసినవాళ్ళు కనబడకపోతే ఏడవడం మొదలవుతుంది, పది నెలల నుంచి ఏడాదిన్నర మధ్య అది బాగా ఎక్కువగా ఉంటుంది. ఆ వయసు పిల్ల బ్యాకప్‌కి వెళ్ళాలంటే మొదటిసారి అమ్మ పక్కన కూర్చుని అరగంట, రెండోసారి అమ్మ లేకుండా గంట, మూడోసారి ఒక పూట, కనీసం అంతైనా ఉండాలి. ఇవన్నీ అమ్మ ఆఫీసు పనిదినాల్లోంచే తీసుకోవాలి, ఒకే వారంలో మూడుసార్లు ఎవరు పంపిస్తారు. మీ అయిదుగురిలో ఆ వయసువాళ్ళు ఉంటే వాళ్ళ అమ్మకి అందరికన్నా ముందు చెప్పండి, ఒక కాగితం మీద పిల్ల ఎలా పడుకుంటుందో, ఏ అలర్జీ ఉందో, ఏడిస్తే ఎలా ఎత్తుకుంటే ఊరుకుంటుందో రాసివ్వండి. నా దగ్గర ఒక బాబు వీపు మీద తడితే ఇంకా ఏడ్చేవాడు, అరికాలు మెల్లగా నిమిరితే రెండు నిమిషాల్లో పడుకునేవాడు, ఆ ఒక్క వాక్యం రాసిస్తే బ్యాకప్ ఆవిడ తర్వాత నాకు ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పింది.

మీవాళ్ళకి హఠాత్తుగా ఏదో అయి వెళ్ళాల్సొస్తే, మీకు జ్వరమొస్తే, అది వేరే లెక్క, దానికి నోటీస్ ఎవరూ అడగరు, తెలిసిన నిమిషంలో ఫోన్ చేస్తే చాలు, మెసేజ్ కాదు ఫోన్. అగ్రిమెంట్లో వీటికి విడిగా రోజులు రాసుకోండి. వెకేషన్‌ని ఎమర్జెన్సీ అని చెప్పి వెళ్ళకండి, ఎక్కడో ఒక ఫోటోలో బయటపడుతుంది, అప్పుడు నిజంగా ఎమర్జెన్సీ వచ్చిన రోజు మీ మాట ఎవరూ నమ్మరు. పేరెంట్స్ వాళ్ళ సెలవుల గురించి మీకు రెండు వారాల ముందు చెప్పాలని కూడా రాసుకోండి, వాళ్ళ సెలవు వల్ల మనకి అంత ఇబ్బంది ఉండదు కాబట్టి అది చాలు.

ఇప్పుడు మీ అయిదు వారాల సంగతి. రెండు వారాల ముందు దాకా ఆగాలనుకున్నారు కదా, ఆగొద్దు, రేపే చెప్పండి. ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి ఆ మాట మీరే ముందు ఒప్పుకోండి, "ఇంకా ముందు చెప్పాల్సింది, ఈసారి కుదరలేదు, ఇకమీద రెండు నెలల ముందు చెప్తా" అని. అందరికీ ఒకేసారి మెసేజ్ కొట్టకుండా, ఎవరికి ఎక్కువ ఇబ్బందో వాళ్ళకి రేపు సాయంత్రం పిల్లని అప్పజెప్పేటప్పుడు ముందు చెప్పండి, గుమ్మంలో హడావిడిగా కాదు, లోపలికి పిలిచి కూర్చోబెట్టి. వాళ్ళకి ఏ రోజులు బొత్తిగా కుదరవో వినండి. టిక్కెట్లు ఇంకా కొనకపోయుంటే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపగలరేమో చూడండి, కొనేసి ఉంటే ఉత్తి మాటలిచ్చి ఆశ పెట్టకండి. అగ్రిమెంట్లో సెలవుల ఫీజు మాట లేదంటే ఈ పది రోజులకి తీసుకోకండి, ఈ ఒక్కసారికి మీరే భరించండి. వచ్చే ఏడాది లిస్టు కూడా ఈ నెలలోనే రాసి అదే కాగితంతో పాటు ఇవ్వండి, మొదటిసారి ఆలస్యమైనా మీరు పద్ధతిలో పడ్డారని వాళ్ళకి కంటికి కనిపిస్తుంది.

పిల్లలకి మాత్రం ఇంత ముందు చెప్పకండి. రెండేళ్ళ పిల్లకి అయిదు వారాలంటే అర్థం కాదు, రోజూ "ఆంటీ వెళ్ళిపోతుందా" అని అడుగుతూ బెంగ పెట్టుకుంటుంది. మూడు రోజుల ముందు చెప్తే చాలు. నేను తలుపు వెనకాల వాళ్ళకి అందే ఎత్తులో ఒక కాగితం అంటిస్తా, ఎన్ని రోజులు నేనుండనో అన్ని గుండ్రాలు గీసి, ఆఖరి గుండ్రంలో తలుపు బొమ్మ వేస్తా, అలాంటిదే ఒకటి ఇంటికీ ఇచ్చి రోజుకొక గుండ్రానికి రంగు వెయ్యమని చెప్తా. ఒక పాప అన్నీ మొదటి రోజే రంగులేసేసి "అయిపోయింది, పద ఆంటీ దగ్గరికి" అని వాళ్ళమ్మని లాగిందట.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి పెట్టుకోకండి, శనివారానికే ఇంట్లో ఉండేలా చూసుకోండి. ఆదివారం సాయంత్రం అందరికీ "వచ్చేశాను, రేపు పొద్దున తలుపు తీసే ఉంటుంది" అని ఒక మెసేజ్ పెట్టండి, సోమవారం చాపలు, బొమ్మల బుట్టలు అన్నీ ఇదివరకు ఎక్కడున్నాయో అక్కడే ఉంచండి, కొత్తగా ఏమీ సర్దొద్దు, ఆ రోజు పెద్ద ప్రోగ్రాములు కూడా పెట్టుకోవద్దు, ఒకరిద్దరు మొదటి గంట మీ ఒళ్ళోంచి దిగరు.